బూరె నూనెలో ఎందుకు పేలుతోంది?

ప్రశ్న: నమస్తే అక్కా, మాది విశాఖ మధురవాడ. మార్గశిర లక్ష్మివారాల పూజ పట్టి ఇది రెండో ఏడు. పులగం, అట్లు, అప్పాలు, గారెలు ఎలాగో నెట్టుకొచ్చేస్తాను గానీ పుష్యమాసం మొదటి లక్ష్మివారం వచ్చే పూర్ణం బూరెల దగ్గరే దొరికిపోతున్నా. పోయినేడు మూకుట్లో వెయ్యడం ఆలస్యం, పగిలిపోయి పూర్ణమంతా నూనెలో మాడిపోయింది, ఇరవై వేస్తే అమ్మవారికి పెట్టడానికి నాలుగు మిగిలాయి. తోపు (పూర్ణం ముంచే పిండి) పల్చనైపోయిందని అత్తగారు, నూనె కాగలేదని మా అమ్మ. ఎవరి మాట వినాలి? పైగా నైవేద్యం రుచి చూడకూడదు కదా, తీపి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కానీ అసలు దొంగ పూర్ణంలో మిగిలిపోయిన నీళ్ళు. నూనె వేడికి ఆ తడి ఆవిరైపోయి, బయటికి దారి లేక తోపుని చీల్చుకుని వస్తుంది. నువ్వు పప్పు కుక్కర్లో పెట్టేసి ఉంటావ్, నిజం చెప్పు! శనగపప్పు గంట నానబెట్టి విడిగా గిన్నెలో ఉడికించు, వేళ్ళతో నొక్కితే నలగాలి గానీ ముద్దైపోకూడదు. చిల్లుల గిన్నెలో వంచేసి అరగంట అలా వదిలెయ్ (ఆ నీళ్ళు పారబోస్తావేమో, చారు పెట్టుకో, ఆ చారు కోసమే మా ఇంట్లో బూరెలు చెయ్యమంటారు). ఆరిన పప్పు పొడిలా తిప్పుకుని, కప్పు పప్పుకి కప్పు బెల్లం. అనకాపల్లి బెల్లం పక్కనే దొరుకుతుంటే తెల్లగా మెరిసేది ఎందుకు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, ముదురు రంగుదే తీసుకో. రెండు చెంచాల నీళ్ళతో కరిగించి వడకట్టు, ఇసుక ఉంటుంది. పప్పు పొడి వేసి గిన్నె అంచులు వదిలేదాకా కలుపుతూనే ఉండాలి, యాలకుల పొడి ఆఖర్న. పూర్తిగా చల్లారాకే ఉండలు.

ఇక్కడే మనందరం తప్పు చేస్తాం. తెల్లారకుండానే బురుజుపేట వెళ్ళి కనకమహాలక్ష్మి అమ్మవారికి మన చేత్తో మనమే పూజ చేసుకుని, క్యూలో గంటలు పోయి, ఇంటికొచ్చి హడావిడిగా వేడి పూర్ణమే ఉండలు కట్టేస్తాం. మీ ఇంట్లో ఒప్పుకుంటే పూర్ణం ముందు రోజు రాత్రే చేసి పెట్టుకో.

తోపుకి ఒకటికి రెండు, మినప్పప్పు, బియ్యం. నాలుగైదు గంటలు నాని, గట్టిగా రుబ్బి, చిటికెడు ఉప్పు, అంతే. పులిస్తే నూనె పీల్చేస్తుంది. ముంచిన ఉండ మీద ఎక్కడా పూర్ణం కనిపించకూడదు. మధ్యస్థం మంట మీద ఒక్కసారికి నాలుగైదే వెయ్యి, పైన గట్టిపడేదాకా గరిటె పెట్టకు.

రుచి సంగతంటావా, కొలత తప్పకపోతే తీపి తప్పదు. నూనె కాగిందో లేదో చూడ్డానికి ఉత్త తోపు చుక్క వేసి చూడు, పైకి తేలి వస్తే చాలు. నైవేద్యం అయ్యాక మాత్రం వేడి బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పొయ్యకుండా తినకు.

ప్రశ్న: ఆదివారం చేపలు వేయించిన నూనె వడకట్టి ఉంచానండీ, దాంట్లో బూరెలు వేసుకోవచ్చా?

జవాబు: అమ్మవారి సంగతి తర్వాత, ఆ వాసనకి మీ ఇంట్లో వాళ్ళే తినరు. కొత్త నూనె పొయ్యండి.