కేకు ఒక్కటే చాలదు

ప్రశ్న: మా ఊరి ఆర్ట్ క్లబ్‌లో క్రిస్మస్ పార్టీ పెడుతున్నాం. కేకు, గిఫ్టులు మామూలే. బొమ్మలు వేసేవాళ్ల పార్టీలా ఉండాలంటే ఏం చేయాలండీ? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గిఫ్టులు కొనకండమ్మా. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకి చేత్తో కార్డు వేసివ్వండి. అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డు కూడా 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన తన స్నేహితుడు, చిత్రకారుడు హార్స్‌లీ చేత వేయించుకున్నదే. బొమ్మలో మంచు, స్లెడ్జి బండి ఎందుకు, పశువుల పాకకి తాటాకు కప్పు వేసి పక్కన ఒంగోలు గిత్తని నిలబెట్టండి, చాలా బాగుంటుంది! బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ క్రీస్తుని బెంగాల్ జానపద శైలిలోనే ఎన్నోసార్లు వేశారు. చీటీలు మాత్రం వారం ముందే తీయండి. వాటర్ కలర్సే వాడమనండి, ఆయిల్ కలర్స్ అంత త్వరగా ఆరవు.