తాతగారి అటక మీద దొరికిన పాత చిన్న బోరు తుపాకీ ఏదో ఎలా తెలుసుకోవాలి?

ముమ్మిడివరం దగ్గర మీ తాతగారి మండువా ఇంటి అటక మీద గోనెసంచిలో చుట్టిన పాత తుపాకీ ఒకటి దొరికిందనీ, దాని మీద మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టున్న గుర్తు తప్ప పేరేదీ కనిపించడం లేదనీ, బోల్టు (తూటా గదిని మూసి తెరవడానికి చేత్తో లాగే కడ్డీ) లేదు కాని కింద ఒక లీవరు ఉందనీ, గొట్టంలో పెన్సిలు దూరలేదనీ రాశారు. యానాం పక్కనే ఉంది కనుక అది ఫ్రెంచి తుపాకీ అని మీ బాబాయిగారూ, పిట్టలు కొట్టే ఎయిర్‌గన్ అని మీ మేనత్తగారూ అంటున్నారని చెప్పారు. మూడు తుపాకుల గుర్తు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బి.ఎస్.ఎ. (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) కంపెనీది కాబట్టి బాబాయిగారి మాట నిలవదు. మేనత్తగారి మాటను మాత్రం అంత తేలికగా కొట్టిపారేయలేము, ఎందుకంటే ఆ కంపెనీ ఎయిర్ రైఫిళ్లనూ, తూటాతో పేలే .22 (గొట్టం లోపలి వెడల్పు, అంటే బోరు, అంగుళాల్లో) రైఫిళ్లనూ కూడా అదే గుర్తుతో అమ్మింది.

ఇంకేమైనా చేయబోయే ముందు, గొట్టాన్ని మనుషులు లేని వైపుకు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా లీవరును కిందికి వంచి, లోపల తూటా ఉందేమో చూడండి. లీవరు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా అలాగే వదిలేయండి. గోనెసంచిలో పాత తూటాలు దొరికినా వాటిని పేల్చి చూద్దామన్న ఆలోచన వద్దు.

బి.ఎస్.ఎ. 1861లో స్థాపితమైన కంపెనీ. మన పెద్దవాళ్లలో కొందరికి ఆ పేరు మోటారుసైకిళ్ల వల్ల గుర్తుంటుంది. వాళ్లు 1905 నుంచి తయారు చేసిన ఎయిర్ రైఫిళ్లకూ లీవరు కిందనే ఉంటుంది, గురి నేర్చుకోవడానికి వాడిన, లీవరు వంచితే తూటా గది తెరుచుకునే మార్టినీ రకం .22 రైఫిళ్లకూ కిందనే ఉంటుంది. అందుకే లీవరు ఉందన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడాలి. ఎయిర్ రైఫిలులో లీవరు గొట్టం కింద, గొట్టానికి సమాంతరంగా, ముందువైపు సాగి ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపలి పిస్టన్ వెనక్కి జరిగి బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది కనుక చేతికి బాగా బరువుగా తెలుస్తుంది. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టే చోట పక్కకు తిరిగే చిన్న కుళాయి వంటి మీట ఉంటుంది. 1948లో వచ్చిన ఎయిర్‌స్పోర్టర్ మోడల్లో మాత్రం ఈ లీవరు ముందు చెక్కలో ఇమిడిపోయి ఉంటుంది కనుక పైకి అంతగా కనబడదు. మార్టినీలో లీవరు ట్రిగ్గర్ కాపు నుంచి వెనక్కి వెళ్లి, చేతితో పట్టుకునే సన్నని చెక్క భాగానికి అంటిపెట్టుకొని ఉంటుంది. దాన్ని వంచితే లోపలి ఇనుప దిమ్మ ముందు కొస కిందికి దిగి, తూటా పెట్టే గది బయటపడుతుంది. బయట కొట్టే సుత్తి ఉండదు. ఉన్నదంతా ఆ దిమ్మ లోపలే.

దిమ్మ ముఖం మీది పిన్ను రంధ్రాన్ని టార్చి వేసి చూడండి. .22 తూటాలో పేలే మందు అంచులో ఉంటుంది కనుక పిన్ను తూటా నడిమధ్యన కాక అంచు మీద కొడుతుంది. రంధ్రం గది మధ్యకు సరిగ్గా ఎదురుగా ఉంటే అది వేరే రకపు తూటాకు చేసినదన్నమాట.

పెన్సిలు దూరలేదన్న మీ మాట చిన్నదే అయినా చాలా పనికొచ్చింది. ఇదే మార్టినీ పద్ధతిలో ఆస్ట్రేలియా క్యాడెట్ల కోసం చేసిన .310 రైఫిలు బోరు దాదాపు 8 మిల్లీమీటర్లు. అందులో మామూలు పెన్సిలు సులువుగా దిగుతుంది. .22 అంటే 5.6 మిల్లీమీటర్లు మాత్రమే. అయితే .22 ఎయిర్ రైఫిలు కొలత కూడా ఇంచుమించు అంతే కనుక, మేనత్తగారితో వాదన గెలవడానికి బోరు కొలత ఉపయోగపడదు.

ఆ వాదన తేల్చేవి ప్రూఫ్ ముద్రలు. బ్రిటన్‌లో మందుతో పేలే తుపాకీ గొట్టాన్ని అమ్మకానికి ముందు ప్రభుత్వ గుర్తింపు పొందిన పరీక్షా గృహంలో ఎక్కువ ఒత్తిడితో పరీక్షించి ముద్ర వేయాలన్న చట్టం ఉంది. ఎయిర్ రైఫిళ్లకు ఆ నిబంధన లేదు. 1904 తర్వాత బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినవాటి మీద కిరీటం, దాని కింద బి.వి., బి.పి., ఎన్.పి. అన్న అక్షరాలు ఉంటాయి. 1954 నుంచి బి.ఎన్.పి. వచ్చింది. అంటే ఈ ముద్ర తుపాకీ జాతిని తేల్చడమే కాక కాలాన్ని కూడా చెబుతుంది. గొట్టం వెనుక భాగంలో, చెక్కను ఆనుకొని ఉన్న చోట వెతకండి. తుప్పు గీకడానికి గరుకు కాగితం వాడకండి, మొదట చెరిగిపోయేవి ఈ అక్షరాలే. మెత్తని గుడ్డకు కాస్త కిరసనాయిలు తడిపి తుడిచి, సుద్దపొడి రాసి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గుంటల్లో చిక్కుకున్న తెల్లని పొడి అక్షరాలుగా కనబడుతుంది.

ఇదంతా నాకు మా అమ్మగారి పుట్టింట్లో, రాజోలు వైపు, ఇలాంటిదే ఒక తుపాకీ దొరికినప్పుడు అనుభవంలోకి వచ్చిన విషయం. కళాశాలలో ఎన్.సి.సి. చూసినవాణ్ణి కనుక .22 రైఫిళ్లు నాకు కొత్త కాదు, కాని అక్కడ మేము వాడినవి బోల్టు ఉన్నవి. ఈ లీవరు రకాన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. ఇంట్లో అందరూ దాన్ని ఎయిర్‌గన్ అనే పిలిచేవారు, ఎందుకంటే తాతయ్య దాంతో కొబ్బరి తోటల్లో కోతుల్ని అదిలించేవారట. సుద్ద రాసి చూస్తే గొట్టం మీద కిరీటం, ఎన్.పి. తేలాయి. అంతకంటే నికరమైన సాక్ష్యం శిస్తు రశీదుల కట్టలో బయటపడింది. అది తాతయ్య లైసెన్సు పుస్తకం. అందులో తయారీ, బోరు, నంబరు మూడూ రాసి ఉన్నాయి, నంబరు తుపాకీ మీది నంబరుతో సరిపోయింది. మన దేశంలో పాత తుపాకీకి ఇంతకన్నా మంచి జాతకం ఉండదని నా అభిప్రాయం. మీరు కూడా భూమి కాగితాల మధ్య వెతకండి. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో తుపాకీ అప్పగించి తీసుకున్న రశీదు దొరికినా అందులో నంబరు ఉంటుంది.

ఏ రకమో తేలేదాకా ఇంట్లోనే ఉంచుకుందామనుకోవడం మాత్రం సరికాదు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తుపాకీ ఉంచుకోకూడదు. లైసెన్సుదారు మరణించాక అది మీ చేతికి వస్తే ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని జమ చేయాలి. ఎయిర్ రైఫిలే అని తేలినా ఊరట తక్కువే, ఎందుకంటే 2016 నియమావళిలో 4.5 మిల్లీమీటర్ల బోరు మించినవాటికి లైసెన్సు కావాలి, .22 దానికి పైదే. జమ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా డీలరు ద్వారా అమ్మవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరిట రెండు తుపాకులకు మించి ఉండరాదు కనుక, బాబాయిగారికి ఇప్పటికే లైసెన్సు ఉంటే ఆ లెక్క ముందుగా చూసుకోండి.

మీ ప్రాంతం కోనసీమ జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లోనే కనుక, దరఖాస్తు అమలాపురం కలెక్టరేట్‌లో ఇచ్చినా, తాతగారి పాత లైసెన్సు వివరాల కోసం కాకినాడలో కూడా అడగవలసి రావచ్చు. అప్పగించే ముందు లీవరు, ముద్రలు, నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి, రశీదు మీద నంబరు సరిగా రాశారో లేదో అక్కడే చూసుకోండి. మనవాళ్ల అలవాటు ప్రకారం కొబ్బరినూనె మాత్రం పట్టించకండి. ఉప్పుగాలిలో అది కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టి దిమ్మను కదలనివ్వదు. కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే చాలు.