మిర్చి లాభం ముగ్గురికి పంచేటప్పుడు నెలలనూ లెక్కించాలి

ప్రశ్న: గుంటూరులో ముగ్గురం కలిసి మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచి అమ్ముతున్నాం. ఏప్రిల్ 1న నేను రూ.6 లక్షలు, జూలై 1న మా బావమరిది రూ.8 లక్షలు, డిసెంబరు 1న మిత్రుడు రూ.9 లక్షలు పెట్టాం. మార్చి ఆఖరుకు రూ.3,45,000 లాభం తేలింది. పెట్టుబడిని బట్టి పంచాలని మిత్రుడు, తలా సమానంగా తీసుకుందామని బావమరిది అంటున్నారు. రోజూ యార్డుకు వెళ్లేది నేనే. కాగితం రాసుకోలేదు. ఏది న్యాయం?

జవాబు: ముగ్గురి మధ్య పొరపొచ్చాలు రాకముందే అడిగినందుకు సంతోషం. మిత్రుడు చెప్పినట్లు పెట్టుబడినే చూస్తే నిష్పత్తి 6:8:9, అంటే 23 భాగాలు. ఒక్కో భాగం రూ.15,000 కనుక మీకు రూ.90,000, బావమరిదికి రూ.1,20,000, మిత్రుడికి రూ.1,35,000 వస్తాయి. ఏడాదంతా డబ్బు వ్యాపారంలో ఉంచిన మీకు అందరికంటే తక్కువ, నాలుగు నెలలే ఉంచిన వారికి అందరికంటే ఎక్కువ దక్కడం సబబు కాదు.

అందుకే పెట్టుబడిని అది వ్యాపారంలో ఉన్న నెలలతో గుణించాలి. లక్షల్లో చూస్తే మీది 6×12=72, బావమరిదిది 8×9=72, మిత్రుడిది 9×4=36; మూడింటినీ 36తో భాగిస్తే నిష్పత్తి 2:2:1 అవుతుంది. ఒక భాగాన్ని ఎక్స్ అనుకుంటే 2ఎక్స్ + 2ఎక్స్ + ఎక్స్ = 3,45,000, అంటే 5ఎక్స్ = 3,45,000, ఎక్స్ = 69,000. మీకూ బావమరిదికీ చెరి రూ.1,38,000, మిత్రుడికి రూ.69,000. నా దృష్టిలో ఇదే న్యాయమైన పంపకం. అయితే లాభం ఏడాది పొడవునా ఒకే తీరున వచ్చిందని ఈ పద్ధతి అనుకుంటుంది. సరుకులో ఎక్కువ భాగం డిసెంబరుకు ముందే అమ్ముడుపోయి ఉంటే, ఆ లాభాన్ని విడిగా తీసి మీ ఇద్దరి మధ్యే పంచుకోవాలి.

ఒక్క విషయం మాత్రం మరువకండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభాలు సమానంగా పంచుకోవాలి. అంటే తలా రూ.1,15,000. చట్టం బావమరిది పక్షానే ఉంది కాబట్టి పై లెక్కను హక్కుగా కాక, ఎదురెదురుగా కూర్చుని వారిద్దరినీ ఒప్పించి అమలు చేయాలి. మీ శ్రమకు జీతం సంగతీ అంతే, ఒప్పందం లేనిదే అడిగే హక్కు లేదు. వచ్చే ఏడాదికి నెలకు రూ.10,000 చొప్పున రాసుకుంటే, ఇంతే లాభం వచ్చినప్పుడు ముందు రూ.1,20,000 తీసి, మిగిలిన రూ.2,25,000నే నిష్పత్తి ప్రకారం పంచుతారు.

వచ్చే ఏడాది బావమరిది రూ.8 లక్షలు పన్నెండు నెలలూ ఉంటాయి, అంటే 96. మీ రూ.6 లక్షలకు 72 మాత్రమే. ఆయనతో సమాన వాటా కావాలని మీరు అక్టోబరు 1న వై లక్షలు కలిపితే 72 + 6వై = 96, వై = 4. ఏప్రిల్‌లోనే కలిపితే రూ.2 లక్షలు సరిపోయేవి, ఆరు నెలలు ఆగితే రూ.4 లక్షలు కావాలి. ఎవరు ఎంత, ఏ తేదీన పెడతారో, నష్టం వస్తే ఏ నిష్పత్తిలో భరిస్తారో, జీతం ఎంతో స్టాంపు కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు చేయండి. రాతపూర్వక ఒప్పందం ఉంటేనే ఆ జీతాన్ని ఆదాయపన్ను లెక్కల్లో నిర్ణీత పరిమితి మేరకు సంస్థ ఖర్చుగా చూపే వీలుంటుంది.