పెద్ద మ్యాచ్‌కు చిన్న ఊరి ఏర్పాట్లు

ప్రశ్న: మాది అనంతపురానికి ఆనుకుని ఉన్న చిన్న పంచాయతీ. పట్టణంలో మళ్లీ పెద్ద క్రికెట్ పోటీలు జరిగితే మా ఊరివాళ్లం ముందుగా ఏయే ఏర్పాట్లు చేసుకోవాలో తెలుపగలరు.
– ఒక పాఠకుడు, రాప్తాడు మండలం

జవాబు: 2024 సెప్టెంబరులో దేశవాళీ క్రికెట్ పోటీ అయిన దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌లలో ఐదు అనంతపురంలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) మైదానంలోనే జరిగాయి. ఒక్కొక్కటి నాలుగు రోజుల ఆట కనుక జనం ఒక పూట వచ్చి వెళ్లిపోయే సందడి కాదిది. అప్పుడు 5వ తేదీన మొదలైన పోటీలు 22 వరకు సాగాయి.

మీరు మొదట ఆలోచించవలసింది వాహనాలు నిలిపే చోటు గురించి. ఆ నెలలో వేరుశనగ చేలు పచ్చగా ఉంటాయి, గట్ల మీద బండ్లు పెట్టనిస్తే పంట తొక్కుడు పడుతుంది. కాబట్టి రైతుల సమ్మతితో బీడు భూములను ముందే గుర్తించి పంచాయతీలో తీర్మానం చేయండి. అది వానల కాలమని మరవక, చక్రాలు దిగబడే నల్లరేగడిని వదిలి గట్టి ఎర్రనేలను ఎంచుకోండి.

ఇక నీరు. మన జిల్లాలో దీనినే మొదట చెప్పవలసిందేమో! బోర్లను నమ్ముకున్న ఊరు నాలుగు రూపాయల కోసం ట్యాంకర్లతో నీళ్లు అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

ఉగ్గాని, బజ్జీల అంగడి పెట్టదలచిన మహిళా సంఘాలు ఆహార భద్రత చట్టం కింద ముందే నమోదు చేయించుకోవాలి. ఎంత చిన్న అంగడికైనా అది తప్పదు. బెంగళూరు నుంచి వచ్చేవారి కోసం శాండ్‌విచ్‌లు నేర్చుకోనక్కరలేదు. పోలీసులు దారి మళ్లించే రోజుల్లో పాలవ్యాను, బడిపిల్లల ఆటోలు ఏ దారిన పోవాలో మాత్రం వారం ముందే అడిగి, ఊరిలో చాటింపు వేయించండి.