ట్రాన్స్‌మాన్ చిప్‌లో టోపాలజీ ఎక్కడుంది?

"చిప్ మీద ఉండేవి అల్యూమినియం పొరలూ జోసెఫ్‌సన్ జంక్షన్లే (సూపర్‌కండక్టర్ల మధ్య పలచని అడ్డుపొరలు) కదా, వాటికి టోపాలజీ ఎక్కడిది? టోపలాజికల్ అంటే ఆ క్యూబిట్‌కి నాయిస్ అంటదనేనా?" అని అడిగారు. రెండోదానికి ముందే చెప్పేస్తాను: కాదు. పీహెచ్‌డీలో ఇలాంటి చిప్‌ల మీద టోపాలజీ కొలతలు చేశాను కాబట్టి మొదటిదానికి కాస్త వివరంగా రాస్తాను. ట్రాన్స్‌మాన్ అంటే సూపర్‌కండక్టింగ్ చిప్ మీద ఉండే ఒక రకం క్యూబిట్, అంటే క్వాంటం కంప్యూటర్ బిట్. టోపాలజీ అంటే ఇక్కడ, సాగదీసినా నొక్కినా మారని పూర్ణాంకాల లెక్క.

టోపాలజీ కనిపించే చోట్లలో అన్నిటికంటే పాతది సూపర్‌కండక్టింగ్ (నిరోధం లేకుండా కరెంటు పారే) రింగు. అందులోని కూపర్ జంటల (జతకట్టిన ఎలక్ట్రాన్ల) తరంగానికి ఒక ఫేజ్ ఉంటుంది, అంటే తరంగం తన ఆవృత్తంలో ఎక్కడుందో చెప్పే కోణం. రింగు చుట్టి వచ్చేసరికి అది 2π కి పూర్ణాంక గుణిజంగానే మారాలి. గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయొచ్చు, మూడు చేయొచ్చు. ఒకటిన్నర చేసి మొదలెట్టిన చోట తేలలేం కదా. అందుకే మందపాటి రింగులో చిక్కిన ఫ్లక్స్ (రింగులోంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం మొత్తం) 2.07×10⁻¹⁵ వెబర్ల ముక్కలుగానే ఉంటుంది. 1961లోనే కొలిచారు.

ఇప్పటి పేపర్లలో కనిపించే చెర్న్ సంఖ్య (ఇదీ అలాంటి పూర్ణాంకమే) మాత్రం చాలావరకు చిప్ ఆకారంలో ఉండదు, మనం తిప్పే నాబ్‌లలో ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ దగ్గరి ట్రాన్స్‌మాన్‌కి మైక్రోవేవ్ పంపేటప్పుడు డీట్యూనింగ్ (మైక్రోవేవ్‌కీ క్యూబిట్‌కీ ఉన్న ఫ్రీక్వెన్సీ తేడా), ఆంప్లిట్యూడ్, ఫేజ్ మూడూ మన చేతిలో ఉంటాయి. మూడూ కలిసి క్యూబిట్‌కి ఒక కృత్రిమ అయస్కాంత క్షేత్రం. డీట్యూనింగూ ఆంప్లిట్యూడూ రెండూ సున్నా అయిన బిందువు దగ్గర శక్తి స్థాయిలు కలిసిపోతాయి. నాబ్‌లతో మనం గీసే గోళం ఆ బిందువుని లోపల పెట్టుకుంటే చెర్న్ సంఖ్య 1, బయట వదిలేస్తే 0. గోళాన్ని సాగదీసినా నొక్కినా అంతే. 2014లో శాంటా బార్బరా, బౌల్డర్ బృందాలు ఇలాగే కొలిచాయి.

కొలవడంలోనే ఉంది తమాషా అంతా. క్షేత్రాన్ని పై ధ్రువం నుంచి కింది ధ్రువానికి కొంచెం వేగంగా తిప్పితే, క్యూబిట్ దాని వెంటే వస్తూ కాస్త పక్కకి జరుగుతుంది. ఆ జరుగుడు వేగానికీ, బెర్రీ వక్రతకీ (ఆ చోట క్యూబిట్ స్థితి ఎంత మెలి తిరుగుతుందో చెప్పే కొలతకి) అనుపాతంలో ఉంటుంది. దారి పొడవునా కూడితే చెర్న్ సంఖ్య. కానీ అది ఎంత చిన్నదంటే, వేలసార్లు కొలిచి సగటు తీస్తే తప్ప నాయిస్‌లోంచి బయటికి రాదు. పైగా పల్స్ ఫేజ్ ఏమాత్రం తేడాగా ఉన్నా అచ్చం అలాంటి జరుగుడే కనిపిస్తుంది. మేం రెండు వేగాలతో కొలిచి పోల్చేవాళ్లం: అసలుది వేగంతోపాటు పెరుగుతుంది, కేలిబ్రేషన్ తేడా అలాగే ఉంటుంది. మరీ నెమ్మదిగా తిప్పితే క్యూబిట్ ఈలోపే రిలాక్స్ అయిపోతుంది (శక్తి పోగొట్టుకుని కింది స్థాయికి జారిపోతుంది), మరీ వేగంగా తిప్పితే ఆ అనుపాతమే చెడుతుంది. ఈ రెంటి మధ్య వేగం దొరకబుచ్చుకోవడానికే వారాలు పట్టేది.

గోళాన్ని మెల్లగా పక్కకి జరుపుతూ పోతే 1 నుంచి 0కి నిట్టనిలువు మెట్టు రావాలి. మాకు గుండ్రటి వంపు వచ్చింది. సరిహద్దు దగ్గర శక్తి స్థాయిల మధ్య గ్యాప్ మూసుకుపోతుంది, అక్కడ ఏ వేగమైనా ఎక్కువే.

గమనించారుగా, పూర్ణాంకం చెక్కుచెదరకపోయినా దాన్ని కొలిచిన క్యూబిట్ మామూలుగానే క్షీణిస్తోంది. రక్షణ కావాలంటే దారి వేరు: 0-π లాంటి, నాయిస్‌ని తట్టుకునేలా రూపొందించిన సర్క్యూట్లు, లేదా చాలా క్యూబిట్లని అల్లి తప్పుల్ని పట్టుకునే సర్ఫేస్ కోడ్. గూగుల్ 2021లో 31 క్యూబిట్లతో టోరిక్ కోడ్ (సర్ఫేస్ కోడ్‌కి దగ్గరి బంధువు) గ్రౌండ్ స్టేట్, అంటే అతి తక్కువ శక్తి స్థితి, తయారుచేసింది ఈ రెండో దారిలోనే.

సొంతంగా చూడాలనుంటే చిప్‌ని చల్లబరిచే ఫ్రిజ్ అక్కర్లేదు. రెండు స్థాయిల హామిల్టోనియన్ని (క్యూబిట్ శక్తిని వర్ణించే మాట్రిక్స్‌ని) పైథాన్‌లో పెట్టి, ముందు రిలాక్సేషన్ లేకుండా, తర్వాత కలిపి నడపండి.