ప్రొజెక్టర్ సీలింగ్‌కి బిగించే ముందు ఫ్యాన్ ఎక్కడుందో చూసుకోండి

"హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉంది, దానికి ప్రొజెక్టర్ బిగిస్తే ఆగుతుందా? మనమే చేసుకోవచ్చా, మనిషిని పిలవాలా?" అని అడిగారు. జిప్సం బోర్డుకి ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించొద్దు. పైనున్న స్లాబుకే బిగించాలి. డ్రిల్లింగ్ అలవాటుంటే మీరే చేసుకోవచ్చు, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పని అయ్యేదాకా పక్కనే ఉండండి. మీరు అడిగినదానికి ఇంతే జవాబు. కానీ అసలు చిక్కంతా మీరు అడగని దగ్గర ఉంది. మీ హాల్లో ఫ్యాన్ ఎక్కడుంది?

ఇంటర్నెట్‌లో దొరికే ప్రొజెక్టర్ లెక్కల్లో చాలావాటిలో సీలింగ్ ఫ్యాన్ ఊసే ఉండదు. తెర ఎంత, ప్రొజెక్టర్ మోడల్ ఏది అని అడిగి, ఇన్ని అడుగుల దూరంలో పెట్టమంటాయి. మన ఇళ్లలో హాలు నడిమధ్యన ఫ్యాన్ తిరుగుతుంటుంది. ప్రొజెక్టర్‌ని ఫ్యాన్‌కి వెనక, సీలింగ్‌కి ఆనించి బిగించారంటే వెలుగు రెక్కల మధ్యనుంచే వెళ్లాలి. తెర మీద రెక్కల నీడ ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. మే నెలలో ఫ్యాన్ ఆపుకుని సినిమా చూడమని ఇంట్లోవాళ్లకి ఎలా చెప్తాం? ఏసీ ఉన్నా సరే, చాలామంది ఫ్యాన్ కూడా వేసుకుంటారు.

మాది తెనాలి. నాన్నకి చూపు మందగించి, 43 అంగుళాల టీవీలో స్కోరు కనపడక పక్కనున్నవాళ్లని అడగడం మొదలుపెట్టారు. క్రికెట్ అంటే ఆయనకి ప్రాణం. అందుకే పై పోర్షన్ హాల్లో 100 అంగుళాల తెర పెట్టాం. ఆ తెర వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలు, ఎత్తు 4 అడుగుల 1 అంగుళం. మేం కొన్న ప్రొజెక్టర్ త్రో రేషియో 1.3 నుంచి మొదలవుతుంది. అంటే తెర వెడల్పుని 1.3తో గుణిస్తే వచ్చే దూరం, మా లెక్కలో దాదాపు 9.5 అడుగులు. అంతకన్నా దగ్గర పెడితే బొమ్మ తెర నిండదు. జూమ్ ఉంది కాబట్టి వెనక్కి 11 అడుగుల దాకా జరుపుకోవచ్చు. ఫ్యాన్ తెరకి 8 అడుగుల దూరంలో ఉంది. ప్రొజెక్టర్ దాని వెనకే రావాలి, తప్పదు.

స్లాబు ఎత్తు 10 అడుగులు. ఫ్యాన్ రెక్కలు 9 అడుగులకి కాస్త కింద తిరుగుతాయి. లెన్సు ఆ రెక్కల కన్నా కిందికి వస్తే వెలుగుకి అడ్డే ఉండదు, ఎందుకంటే తలకిందులుగా బిగించిన ప్రొజెక్టర్ బొమ్మని కిందికే వేస్తుంది. అందుకని లెన్సు ఏడున్నర అడుగుల ఎత్తులో ఉండేలా కిందికి దించాం. బొమ్మ పై అంచు దానికి కొద్ది అంగుళాల కింద మొదలై, కింది అంచు నేలకి 3 అడుగుల ఎత్తులో ఆగుతుంది. సోఫాలో కూర్చున్నవాళ్లకి మెడ నొప్పి రాని ఎత్తది. బొమ్మ తలకిందులుగా పడుతుందని కంగారు పడకండి, మెనూలో సీలింగ్ అనే సెట్టింగ్ పెడితే తిరిగిపోతుంది.

అంత కిందికి దించాలంటే బ్రాకెట్‌తో వచ్చే సన్నటి పైపు పనికిరాదు. ఫ్యాన్ గాలికి సన్నగా ఊగుతుంది. ప్రొజెక్టర్ ఒక్క డిగ్రీ కదిలితే 10 అడుగుల దూరంలో బొమ్మ 2 అంగుళాలు జరుగుతుంది, ఇక ఆ వణుకుతో సబ్ టైటిల్స్ చదవడం నరకం. వెల్డింగ్ షాపుకి వెళ్లి ఒకటిన్నర అంగుళాల చదరపు పైపుకి పైన నాలుగు రంధ్రాల ఇనప ప్లేటు, కింద బ్రాకెట్ పట్టే చిన్న ప్లేటు వేయించుకోండి. తెల్ల పెయింట్ కొట్టిస్తే సీలింగ్‌లో కలిసిపోతుంది. పైన ప్లేటుకి 8 ఎంఎం యాంకర్ బోల్టులు (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని పట్టే ఇనప బోల్టులు) నాలుగు. స్క్రూ కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు గోడకి పర్లేదు గానీ తల మీద వేలాడే బరువుకి వాటిని నమ్మొద్దు. ప్రొజెక్టర్‌కీ పైపుకీ కలిపి ఒక సన్నటి గొలుసు కూడా వేయండి.

మా ఫాల్స్ సీలింగ్ చేసినాయన అయితే "స్లాబు దాకా ఎందుకండీ, పైన ప్లైవుడ్ ముక్క పెట్టి జిప్సంకే స్క్రూలు కొట్టేద్దాం, నాలుగు కేజీలేగా" అన్నాడు. ఆ ప్లైవుడ్‌ని మోసేది పల్చటి జీఐ (జింకు పూత వేసిన ఇనప రేకు) ఛానల్. దాన్ని స్లాబుకి పట్టి ఉంచేది అక్కడక్కడా వేలాడదీసిన రేకు పట్టీ. ఆ పనివాళ్లు బోర్డులు, లైట్లు మోయడానికి దాన్ని కట్టారు, అంతవరకు బాగానే మోస్తుంది. సోఫా మీద కూర్చున్న మనిషి తల మీదికి ఏదైనా బిగించేటప్పుడు "ఏం కాదు" అనే మాట వినడం నాకు ఇష్టం లేదు. జిప్సంలో అడుగు చదరం కోయించి, ప్లేటు స్లాబుకి బిగించాక మూత పెట్టించాం.

ఇప్పుడు డ్రిల్లింగ్ సంగతి. ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కి, ఆ సందులోంచి స్లాబు మీద పెన్సిల్‌తో నాలుగు గుర్తులు పెట్టాడు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. స్లాబు లోపల కరెంటు వైర్ల పైపు ఎటు వెళ్తోంది అని అడిగాను. "గోడ పక్కనుంచే వెళ్తుంది అన్నా, ఇక్కడేముంటుంది" అన్నాడు. ఆపమన్నాను. స్లాబు పోసిన రోజు, కాంక్రీటు పడకముందు, మా తమ్ముడు సెంట్రింగ్ మీద నిలబడి ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టాడు. ఒకదాంట్లో ఊచల మధ్య ఫ్యాన్ బాక్సు, దాన్నుంచి నాలుగు వైపులా వెళ్తున్న పైపులు, వాటిని పట్టి కట్టిన బైండింగ్ వైరు ముడులతో సహా కనపడుతున్నాయి. వాటిలో ఒక పైపు గోడ పక్కకి పోకుండా మూలకి ఏటవాలుగా వెళ్తోంది. పిల్లర్ దగ్గర్నుంచి టేపు పెట్టి కొలిస్తే రెండు పెన్సిల్ గుర్తులు సరిగ్గా ఆ పైపు కింద పడ్డాయి.

స్లాబులో పైపుల్ని కింది వరస ఊచల మీద పడుకోబెడతారు. స్లాబు కింది ముఖం నుంచి అంగుళంన్నర పైకే పైపు తగులుతుంది. మనం బోల్టుకి కొట్టే రంధ్రం 2 అంగుళాలు. కొట్టి ఉంటే వైర్లు తెగేవి, లేదా ఇనప బోల్టు వైరుకి తగిలి ప్రొజెక్టర్ వేలాడే ఇనప పైపు మొత్తానికే కరెంటు వచ్చేది. ప్లేటుని తొమ్మిది అంగుళాలు వెనక్కి జరిపాం, జూమ్‌తో బొమ్మ సరిపోయింది. ఒక చోట డ్రిల్లుకి ఊచ తగిలి దిగలేదు. అలాంటప్పుడు బలవంతం చేయకూడదు, ప్లేటు కాస్త తిప్పితే చాలు. ఆ ఎలక్ట్రీషియన్ వెళ్లేముందు ఆ ఫోటో తన ఫోన్‌కి పంపించుకున్నాడు.

ఇల్లు కడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి స్లాబు పోసే ముందు రోజు ప్రతి గదిలో పైపుల ఫోటోలు తీసుకోండి. టైల్స్ కోసం పది షాపులు తిరుగుతాం, ఈ ఐదు నిమిషాల పని మాత్రం ఎవరూ చేయరు. ఫ్లాట్ కొన్నవాళ్లకి ఆ అవకాశం ఉండదు. బిల్డర్‌ని ఎలక్ట్రికల్ డ్రాయింగ్ అడగండి, ఇవ్వకపోతే కరెంటు ఉన్న వైర్లని పసిగట్టే డిటెక్టర్ ఉన్న మనిషిని పిలవండి. స్విచ్‌లన్నీ వేసి ఉంచి వెతకమనండి, ఎందుకంటే స్విచ్ ఆపేసిన వైరుని అది పట్టుకోలేదు. డ్రిల్లు పెట్టేటప్పుడు మాత్రం మెయిన్ ఆపేసి, డ్రిల్లుకి కరెంటు పక్క పోర్షన్ నుంచి తీసుకోవాలి.

కేబుల్ పైపు కూడా ముందే వేయించుకోవాలి. ముప్పావు అంగుళం పైపులో హెచ్‌డీఎంఐ (ప్రొజెక్టర్‌కి బొమ్మ తెచ్చే కేబుల్) తల దూరదు, ఒకటిన్నర అంగుళాలది వేయించండి. 4కే (బాగా ఎక్కువ పిక్సెళ్లున్న) బొమ్మకి పొడుగు రాగి కేబుల్ వేస్తే బొమ్మ పోయి వస్తుండవచ్చు. పది మీటర్లయితే ఆప్టికల్ కేబుల్ తీసుకోండి, కానీ దానికి దిశ ఉంటుంది. ఒక కొన మీద సోర్స్ అని, రెండో కొన మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. అటుదిటు లాగితే బొమ్మే రాదు, మళ్లీ మొత్తం బయటికి పీకాలి. ప్లగ్గుని ఇన్వర్టర్ లైనులో ఇవ్వండి. ల్యాంపు ప్రొజెక్టర్ అయితే మరీ ముఖ్యం, ల్యాంపు వేడి మీద ఉండగా కరెంటు పోతే లోపలి ఫ్యాన్ ఆగి అది చల్లారే దారి ఉండదు.

షాపువాళ్లు వచ్చి బిగిస్తే కీస్టోన్ అనే బటన్‌తో బొమ్మని నలుచదరం చేసి వెళ్లిపోతారు. ఒప్పుకోవద్దు. కీస్టోన్ వేస్తే బొమ్మని లోపలే కుదించి సరిచేస్తుంది, కొన్ని పిక్సెళ్లు వృథా అయి అక్షరాల అంచులు మెత్తబడతాయి, చీకట్లో తెర చుట్టూ బూడిదరంగు వెలుగు కనిపిస్తుంది. బోల్టులు బిగించకముందే ప్రొజెక్టర్‌ని నిచ్చెన మీద అదే ఎత్తులో పెట్టి, కీస్టోన్ సున్నాలో ఉంచి, బొమ్మ తెర నాలుగు మూలలకీ సరిపోయిందా చూడండి. లెన్సు తెర నిలువు మధ్యగీతకి ఎదురుగా, ప్రొజెక్టర్ ఎటూ వంగకుండా తెర గోడకి నేరుగా ఉంటే సరిపోతుంది. ఈ పని అయ్యాకే డ్రిల్లు ముట్టుకోవాలి.

థియేటర్‌కంటూ వేరే గది కట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నా మాట వినండి, హాల్లోనే పెట్టండి. వేరే గదిలో పెడితే మొదట్లో నాలుగు రోజులు వెళ్తారు, తర్వాత అందులో ఇస్త్రీ బట్టలు పెడతారు. హాల్లో అయితే అమ్మ కూరలు తరుగుతూ చూస్తుంది, నాన్న మ్యాచ్ పెట్టుకుని బంతి ఎక్కడ పడిందో ఆయనే మాకు చెప్తారు. మందపాటి కర్టెన్లు వేసుకుంటే పగలు కూడా ఇబ్బంది ఉండదు.

మీ స్లాబు ఎత్తు, ఫ్యాన్ రెక్కల ఎత్తు, ఫ్యాన్ నుంచి తెర గోడకి దూరం, ప్రొజెక్టర్ మోడల్, ఈ నాలుగూ రాయండి. పైపు ఎంత పొడుగు కావాలో లెక్కేసి చెప్తాను.