కొలనోస్కోపీ రిపోర్టులో ‘డైవర్టిక్యులా’ అని రాశారు, మావారికి ప్రమాదమా డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి 62 ఏళ్ళు, షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటారు. మోషన్‌లో రెండు మూడు సార్లు రక్తం పడితే కొలనోస్కోపీ చేయించాం. పైల్స్ వల్లే అన్నారు కానీ సిగ్మాయిడ్ కోలన్‌లో డైవర్టిక్యులా ఉన్నాయని కూడా రాశారు. ఇది ఎంతమందికి ఉంటుంది? క్యాన్సర్ అవుతుందా? డాలస్‌లో ఉండే మా అన్నయ్యకి ఇదే వచ్చి హాస్పిటల్లో ఉండాల్సొచ్చింది. గింజలు ఇరుక్కుంటాయని ఎవరో చెప్తే మావారు జామకాయ, టమాటా, నువ్వులు అన్నీ మానేశారు. మా పిల్లలకి కూడా వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ క్యాన్సర్ భయం పక్కన పెట్టేయండి. డైవర్టిక్యులా క్యాన్సర్‌గా మారవు. రిపోర్టులో ‘సీకం’ (పెద్దపేగు మొదలయ్యే చోటు) వరకు చూశామని రాసుందో లేదో ఒకసారి చూసుకోండి, అలా ఉంటే పెద్దపేగు మొత్తం చూసినట్టే, పాలిప్ (పేగు లోపలి పొర మీద చిన్న పెరుగుదల) గానీ గడ్డ గానీ కనిపించి ఉంటే అందులోనే రాసేవాళ్ళు.

అసలు ఇవేంటంటే, పెద్దపేగు గోడలో ఒక కండర పొర ఉంటుంది, రక్తనాళాలు లోపలికి వెళ్ళడానికి ఆ పొరలో అక్కడక్కడా సన్నటి సందులుంటాయి, వయసు మీద పడేకొద్దీ గోడ బలం తగ్గి, లోపల ప్రెషర్ పెరిగినప్పుడల్లా లోపలి పొర ఆ సందుల్లోంచి చిన్న సంచిలా బయటికి తోసుకొస్తుంది. అరిగిపోయిన సైకిల్ టైరులోంచి ట్యూబు బుడగలా ఉబ్బడం చూసే ఉంటారు కదా, అలాగన్నమాట. మామూలుగా అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటాయి. కొందరికి ఒకట్రెండే, కొందరికి పదుల్లో.

ఎంతమందికి అంటే, చాలామందికి. అమెరికా, యూరప్ లెక్కల్లో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో ఇంచుమించు సగం మందికి ఇవి ఉంటాయి, 80 దాటితే ఇంకా ఎక్కువ, 40 లోపువాళ్ళలో మాత్రం తక్కువ. మన ఆసియా దేశాల్లో ముందునుంచీ అంత లేవు, కానీ జనం ఎక్కువ కాలం బతుకుతున్నారు, స్కానులు, కొలనోస్కోపీలు ఎక్కువయ్యాయి, దాంతో మన దగ్గర కూడా బయటపడుతున్నాయి. ఇంకో తేడా ఏంటంటే పాశ్చాత్య దేశాలవాళ్ళకి ఎక్కువగా ఎడమవైపు, అంటే మీవారికి ఉన్న సిగ్మాయిడ్‌లోనే వస్తాయి, జపాన్, కొరియా లాంటి చోట్ల కుడివైపు ఎక్కువ, అవి ఇన్ఫెక్ట్ అయితే అచ్చం అపెండిక్స్ నొప్పిలాగే ఉంటుంది.

ఉన్నంత మాత్రాన జబ్బు కాదమ్మా, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ సంచులున్న వందమందిలో ఐదుగురికి కూడా డైవర్టిక్యులైటిస్, అంటే వాపు, ఇన్ఫెక్షన్ రాదు. మిగతావాళ్ళలో చాలామందికి అసలు ఉన్నాయన్న సంగతే తెలీదు, మీకు తెలిసినట్టే వేరే దేనికో టెస్ట్ చేయిస్తే తెలుస్తుంది.

ఇక ఎవరికి వస్తాయంటే, అన్నిటికన్నా పెద్ద కారణం వయసే. పీచు తక్కువ తినడం వల్లే వస్తాయని 1971లో పెయింటర్, బర్కిట్ అనే ఇద్దరు బ్రిటిష్ సర్జన్లు రాశారు, చాలా ఏళ్ళు అందరం అదే నమ్మాం, కానీ 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్ళని పరిశీలిస్తే పీచు బాగా తినేవాళ్ళలోనూ ఈ సంచులు తక్కువేమీ లేవు. అలాగని పీచు మానేయకండి, ఉన్న సంచులు వాయకుండా ఉండటానికి అది పనికొస్తుంది, మీవారి పైల్స్‌కి అయితే తప్పనిసరి. పొట్ట దగ్గర కొవ్వు, సిగరెట్, కదలకుండా కూర్చోవడం, రెడ్ మీట్ ఎక్కువ తినడం, ఇవన్నీ వాపు వచ్చే రిస్క్ పెంచుతాయి. వంశపారంపర్యం కూడా తక్కువేం కాదు, స్వీడన్, డెన్మార్క్‌లలో కవలల మీద చేసిన స్టడీల్లో ఈ జబ్బుకి జన్యువుల వాటా 40 నుంచి 50 శాతం దాకా తేలింది.

మీ అన్నయ్యకి వచ్చిందని మీవారికీ అలాగే అవుతుందని అనుకోకండి, వాళ్ళిద్దరిదీ రక్తసంబంధం కాదు కదా. అక్కడి తిండి, కార్లో తిరిగే జీవితం కూడా కొంత కారణం అయ్యుండొచ్చు, వేరే దేశాల నుంచి స్వీడన్ వచ్చి స్థిరపడినవాళ్ళలో ఏళ్ళు గడిచేకొద్దీ ఈ రిస్క్ పెరిగిందని అక్కడ గమనించారు. పిల్లలకి మాత్రం మీ వైపు నుంచీ మీవారి వైపు నుంచీ కొంత ఛాన్స్ ఉంది, అంతమాత్రాన వాళ్ళకి ఇప్పుడు ఏ టెస్టూ అక్కర్లేదు, బరువు పెరగకుండా, సిగరెట్ జోలికి పోకుండా, రోజూ నడుస్తూ ఉంటే చాలు.

గింజల సంగతి చాలామంది డాక్టర్లు కూడా ఒకప్పుడు చెప్పిందే, కానీ 47 వేల మంది మగవాళ్ళని 18 ఏళ్ళు ఫాలో అయి 2008లో రాసిన స్టడీలో నట్స్, పాప్‌కార్న్ తిన్నవాళ్ళకి వాపు ఎక్కువ రాలేదు సరికదా తక్కువే వచ్చింది. జామకాయ, టమాటా, నువ్వులు మళ్ళీ మొదలుపెట్టమనండి. జామకాయలో ఉన్నంత పీచు వదులుకోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

నాకు నిజంగా భయం వేసేది వేరే దాని గురించి. మోకాళ్ళ నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కొనేసి రోజూ వేసుకుంటారు చూడండి, ఆ మాత్రలతో ఈ సంచుల్లోంచి బ్లీడింగ్ అయ్యే ఛాన్స్ పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్ళకి అవి మామూలుగానే మంచివి కావు. గుండెకి ఆస్పిరిన్ రాసుంటే మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్నే అడగండి.

పైల్స్ రక్తం సాధారణంగా మోషన్ చివర్లో చుక్కలుగా పడుతుంది, నొప్పేమీ లేకుండా ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే అది పైల్సేలే అని ఊరుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. పొట్ట కింద ఎడమవైపు విడవకుండా నొప్పి, దాంతోపాటు జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి, అప్పుడు చేయించాల్సింది సీటీ స్కాన్, కొలనోస్కోపీ కాదు. ఇవేవీ లేనంతకాలం ఈ సంచులకి మందు లేదు, అవసరమూ లేదు, కేవలం వీటి కోసమని మళ్ళీ కొలనోస్కోపీ కూడా చేయించక్కర్లేదు.